సూదిబెజ్జంలో మా ఇల్లు

నలభై అడుగుల ఇంటిని సూదిబెజ్జంలోంచి దూర్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మా ఇంటికి రండి, కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాను. ఆ మనిషిని నేనే. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివి, లెక్కల్ని పదో తరగతి గుమ్మంలోనే వదిలేసి, ఫ్యూజు పోతే మావారు వచ్చేదాకా చీకట్లో కూర్చునేదాన్ని, 2024 చివర్లో నా చేతుల్తో ఒక కెమెరా చేశాను. ప్లైవుడ్డు ముక్కలూ, జాకెట్టుగుడ్డా, పప్పుగుత్తి కాడా పెట్టి చేసిన కెమెరా. అందులో నిజం ఫిల్మే వేస్తారు. నిజం ఫోటోలే వస్తాయి. వస్తాయని మొదట్లో నాకూ నమ్మకం లేదనుకోండి.

ఇదంతా బందరులో మా పుట్టింటి ఆల్బమ్ వల్ల వచ్చింది.

మా వీధి ఇరుకు. ఎదురింటివారి గోడకి వీపు ఆనించి నిలబడినా మా అరుగుకి 18 అడుగుల దూరమే. ఇల్లేమో ఈ కొస నుంచి ఆ కొసకి 40 అడుగులు. నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. మన దేశంలో తయారైనదే, నల్లగా, బొద్దుగా ఉండేది. ఎంత వెనక్కి నొక్కుకుని నిలబడినా అందులో ఇంటి మూడో వంతుకన్న ఎక్కువ పట్టేది కాదు. 1986లో ఒక ఆదివారం నాన్నకి పంతం వచ్చింది. ఎదురుగోడ వెంట పక్కకి జరుగుతూ మూడు ఫోటోలు తీసి, కడిగించి, ఆల్బమ్‌లో పక్కపక్కన అతికించారు. అతుకుల దగ్గర ఏమయిందంటే, ఎడం వైపు స్తంభం రెండుసార్లు పడింది. కుడి వైపు అతుకులో అమ్మ పోయింది. రెండో ఫోటో తీసేటప్పటికి ఆవిడ ఇంకా లోపల్నుంచి రాలేదు. మూడోదానికి పొయ్యిమీద పాలు గుర్తొచ్చి వెళ్ళిపోతోంది. గడపమీద చీరకొంగు మాత్రం జానెడు కనిపిస్తుంది.

మా ఆల్బమ్ మొత్తం మీద అమ్మ కథ ఇదే. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్‌గారు 1892లోనే పరదాచాటు ఆడవాళ్ళకోసం విడిగా జనానా స్టూడియో పెట్టించారట, ఒక దొరసాని చేత నడిపించారట. మా అమ్మకి ఏ పరదా లేదు. వంటింటి గుమ్మం ఉంది, అది చాలింది.

ఇంతకీ అసలు సంగతి. 2024 శ్రావణంలో మా ఇల్లు అమ్మకానికి వచ్చింది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. డెబ్భై అయిదేళ్ళు. ఆ వేసవిలో పెరట్లో జారిపడి, పనిమనిషి వచ్చేదాకా గంటన్నర అలాగే కూర్చుందిట. మాకు మర్నాటిదాకా చెప్పలేదు. అన్నయ్య బెంగుళూరులో, చెల్లెలు విశాఖపట్నంలో, నేను హైదరాబాదులో. ఇల్లు కొని, పడగొట్టి, అపార్టుమెంట్లు కడతామని ఒకాయన వచ్చాడు. అన్నయ్య ఫోన్లో నసిగాడు, చెల్లెలు ఏడ్చింది. "అమ్మేద్దాం" అని మొదట అన్నది నేనే. నా నవలల్లో పుట్టిల్లు అమ్ముకునే పిల్లల్ని ఎన్ని తిట్లు తిట్టించానో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ పుస్తకాలు బీరువాలో వెనక వరసలోకి జరిపేశాను.

అమ్మ ఏమీ అనలేదు. "మీ ఇష్టం" అంది. అమ్మలు "మీ ఇష్టం" అన్నప్పుడు నిద్ర పట్టదు కదండీ.

అలా నిద్ర పట్టని రాత్రుల్లోనే ఆ మూడు ముక్కల ఫోటో పట్టుకుంది నన్ను. అతుకు లేకుండా, ఒకే బొమ్మలో, కొస నుంచి కొసకి ఇల్లు కావాలి. మధ్యలో అరుగుమీద అమ్మ ఉండాలి.

"ఫోన్లో వస్తుందమ్మా" అన్నాడు మా అబ్బాయి. నిజమే, వచ్చింది. బందరు వెళ్ళినప్పుడు వాడే తీశాడు, ఇల్లంతా పట్టింది. అబద్ధం ఎందుకూ, బాగానే ఉంది. కానీ అది ఫోన్లో ఉన్న ఎనిమిది వేల ఫోటోల్లోకి వెళ్ళి కూర్చుంది. తీయడానికి కన్ను మూసి తెరిచినంత సేపు పట్టలేదు. ఆ ఇంటికోసం నేను చేసింది ఒక్క సంతకమే అనుకుంటే మనసు ఒప్పలేదు. సంతకానికీ అంతే సేపు పట్టింది మరి.

వెడల్పు చూపు లెన్సులూ, వాటికి తగ్గ పాత కెమెరాలూ ధర అడిగితే నా రెండు నవలల పారితోషికం చెప్పారు. "రెండు వేలు ఇస్తాను, అందులో ఏం చేసుకుంటావో చేసుకో" అన్నారు మావారు, చిన్నపిల్లకి తిరణాల డబ్బులిచ్చినట్టు. అప్పుడు మా అబ్బాయి చెప్పాడు, లెన్సే అక్కర్లేని కెమెరా ఉందని. చీకటి పెట్టెకి సన్నటి బెజ్జం పొడిస్తే చాలు, బయటి బొమ్మ తలకిందులుగా లోపల పడుతుంది. కాలేజీ రోజుల్లో హంపీ విహారయాత్రకి వెళ్ళినప్పుడు విరూపాక్షాలయంలో ఒక చీకటి గదిలో గోడమీద గోపురం నీడ తలకిందులుగా పడటం నేనూ చూశాను. అప్పుడు దేవుడి మహిమ అనుకుని దణ్ణం పెట్టి వచ్చేశాను. గోడలో ఉన్న చిన్న కంతని చూడలేదు.

మొదట పాలపొడి డబ్బాతో మొదలుపెట్టాను. పక్కన బెజ్జం, లోపల ఎదురుగా డబ్బా ఒంపుని అనుకుని ఫోటో కాగితం. మా అబ్బాయి స్నేహితుడు, బొమ్మల కాలేజీ కుర్రవాడు, నాలుగు కాగితాలు ధర్మం చేశాడు. స్నానాలగదిలో ఎర్రబల్బు కింద కడిగితే మా డాబామీది దృశ్యం అటు పిట్టగోడ నుంచి ఇటు పిట్టగోడదాకా అంతా వచ్చింది! కానీ నీళ్ళటాంకు అరటిపండులా వంగింది. పిట్టగోడ గోదావరిలో పడవలా ఉంది. కాగితం ఒంపుగా ఉంటే అంచులు బెజ్జానికి దూరమైపోవు గనక వెలుగు బాగా సర్దుకుంటుంది. తిన్నటి గీతలు మాత్రం వంగిపోతాయి. ఫిల్ముని బల్లపరుపుగా పెడితే గీతలు తిన్నగా వస్తాయి, కానీ అంచులకి వెళ్ళేకొద్దీ వెలుగు తగ్గి మూలలు నల్లబడతాయి. రెండూ కావాలంటే కుదరదు. మా ఇంటి దూలాలు వంగితే అమ్మ ఊరుకోదు. మూలలంటారా, ఆ ఇంట్లో మూలలు ఎప్పుడూ చీకటే. బల్లపరుపుకే మొగ్గాను.

లెక్క నేను భయపడ్డంత లేదు. ఫిల్ముకీ బెజ్జానికీ మధ్య 5 సెంటీమీటర్ల దూరం పెట్టాను. ఫిల్ము వెడల్పు 11 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే దూరానికి రెండింతలకి కాస్త ఎక్కువ. బయట కూడా అదే పాళ్ళు. 18 అడుగుల దూరం నుంచి దానికి రెండింతల పైచిలుకు ఇల్లు పడుతుంది. అంటే సరిగ్గా మా 40 అడుగులూ! వడ్డీ లెక్కలకంటే సులువు. ఈ మాట మా లెక్కల మాస్టారు వింటే ఎంత సంతోషించేవారో.

అసలు చిక్కు బెజ్జంతోనే వచ్చింది. పెద్దదయితే బొమ్మ అలుక్కుపోతుంది. పోనీ అని మరీ సన్నం చేస్తే వెలుగు అంచులకి ఒరుసుకుని చెదిరి అప్పుడూ అలుక్కుపోతుంది. చారులో ఉప్పులాగా, ప్రతి దూరానికీ ఒక పాళం ఉంది. 5 సెంటీమీటర్లకి మిల్లీమీటరులో మూడు పదో వంతులు. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి, కుట్టుసూది మొనతో పొడిచి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ పొడిచి, పదకొండు రేకులు తగలేశాను. భూతద్దంలో చూస్తే ఒకటి కోడిగుడ్డులా, ఒకటి నక్షత్రంలా ఉండేవి. ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను పుట్టింది ఏ ఊళ్ళోనో. బందరు పక్కనే చిలకలపూడి. మన పెళ్ళిళ్ళలో సగం మెడల్లో మెరిసే రోల్డుగోల్డు నగలు పుట్టేది అక్కడే. దసరాకి వెళ్ళినప్పుడు ఆటో ఎక్కి పోయాను. ఒక పెద్దాయన దీపం ముందు కూర్చుని జుంకాలకి పూసలు గుచ్చే బెజ్జాలు వేస్తున్నాడు. నా గోడంతా విన్నాడు. కాగితంలా పల్చటి ఇత్తడి రేకు తీసి, దాన్ని ఇంకా అరగదీసి, ఒక్క పోటు పొడిచి, రెండోవైపు నున్నగా రుద్ది, వెలుగుకి పెట్టి చూపించాడు. పున్నమి చంద్రుడిలా గుండ్రంగా ఉంది. "మూడు బెజ్జాలు పక్కపక్కన పెడితే మిల్లీమీటరు సరిపోతుందమ్మా" అన్నాడు. డబ్బులివ్వబోతే, "బెజ్జానికి డబ్బులేమిటమ్మా, బెజ్జంలో ఏముంది?" అని నవ్వాడు.

ఆ రేకు అమ్మకి చూపించి, ఇందులోంచి ఇల్లంతా పడుతుందని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఓస్, మన వంటింటి పెంకుసందు లాంటిదేగా" అంది. "గ్రహణం నాడు నేల నిండా నెలవంకలు పడలా?"

నిజం! 1995 అక్టోబరు 24, సూర్యగ్రహణం. మమ్మల్ని తలుపులు వేసి లోపల కూర్చోబెట్టింది అమ్మ. వంటింటి పెంకుల సందుల్లోంచి రోజూ నేలమీద బిళ్ళలు బిళ్ళలుగా పడే ఎండ, ఆవేళ ఒక్కో బిళ్ళా ఒక్కో నెలవంక అయి కూర్చుంది. అవి వెలుగుచుక్కలు కావు, సూర్యుడి బొమ్మలే. నేను ఇంజనీరింగు చదివే కొడుకుతో పాఠం చెప్పించుకుని తెలుసుకున్న సంగతి, ఆవిడకి పొయ్యిదగ్గర కూర్చునే తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆ కెమెరాలోనే అన్నం వండింది కదా.

పెట్టె సంగతి త్వరగా చెప్పేస్తాను. పుస్తకాల అల్మైరా చేయించగా మిగిలిన ప్లైవుడ్డు. మధ్యలో ఫిల్ముకి చట్రం, అటూ ఇటూ రీళ్ళకి రెండు అరలు. లోపలంతా మెరుపు లేని నల్లరంగు. మూత అంచుల్లోంచి వెలుగు దూరకుండా పాత నల్ల మఖమలు జాకెట్టు కత్తిరించి అతికించాను. అది నా పెళ్ళినాటి జాకెట్టు, ఎలాగూ నాకిప్పుడు భుజం దాకా కూడా ఎక్కదు. రీలు తిప్పడానికి పప్పుగుత్తి కాడ చివర చెక్కితే రీలు గాడిలో చక్కగా కూర్చుంది. షట్టరంటే నల్లటేపు ముక్కే, తీస్తే తెరిచినట్టు, అంటిస్తే మూసినట్టు. 120 నంబరు ఫిల్ముకి వెనక ఒక కాగితం ఉంటుంది, దానిమీద వరసగా అంకెలు ఉంటాయి. పెట్టె వెనక చిన్న ఎర్రకిటికీ పెట్టి ఆ అంకెలు చూస్తూ తిప్పుకోవాలి. చదరపు ఫోటోలకి పన్నెండు అంకెల వరస ఉంటుంది. మనది రెండింతల వెడల్పు గనక ఒకటి, మూడు, అయిదు అంటూ ఒకటి విడిచి ఒకటి. రోలుకి ఆరే బొమ్మలు.

నిండు రీలు ఒక వైపు పెడితే, చుట్టుకోవడానికి రెండో వైపు ఖాళీ రీలు కావాలి. దానికోసం నాన్న క్లిక్ త్రీ తెరిచాను. మీట ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోపల ఖాళీ రీలు మాత్రం అలాగే ఉంది, తర్వాతి రోలుకోసం ఆయన పెట్టుకున్నది. దాన్ని తీసి నా పెట్టెలో పెట్టేముందు కాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. "గమ్ము ఆరిపోతోందమ్మా" అని మా అబ్బాయి కేకేశాడు.

ఖర్చు రాసిపెట్టాను. ఫిల్ము 950, కడిగించడానికి 550, రంగూ గమ్మూ 180, టేపు 60, ఆటో 100. వెరసి 1,840. మిగిలిన 160 మావారికి తిరిగివ్వలేదు. బడ్జెట్టులో రెండో రోలుకి చోటు లేదు, అంటే ప్రయోగాలకీ లేదు. మిగిలిన ఫోటో కాగితం ఒకటి పెట్టెలో పెట్టి, బెజ్జం మూసి, అరగంట ఎండలో ఉంచి కడిగితే తెల్లగా వచ్చింది. వెలుగు దూరడం లేదన్నమాట. అదొక్కటే పరీక్ష.

2025 భోగి. అన్నయ్యా వదినా, చెల్లెలూ మరిదీ, పిల్లలూ అందరం బందరులో. మాఘంలో రిజిస్ట్రేషను. అంటే ఆ అరుగుమీద ఆఖరి ముగ్గులు. భోగిమంట ఆరుతోంది, మంచు ఇంకా విడలేదు. ఎదురింటివారి గోడకి ఆనించి స్టూలు, దానిమీద ఇసుక సంచీ, సంచీమీద నా పెట్టె. పెట్టెమీద గాజుగ్లాసుతో నీళ్ళు. నీళ్ళు వాలితే పెట్టె వాలినట్టే, పెట్టె వాలితే స్తంభాలు తాగినట్టు పడతాయి. వీధి వీధంతా చుట్టూ చేరి సలహాలు చెప్పింది.

మంచి ఎండలో అయితే ఒకటి రెండు సెకన్లు చాలు. ఆ మంచువెలుగుకి లెక్క ప్రకారం అరనిమిషం. కానీ ఎక్కువసేపు తినిపిస్తే ఫిల్ముకి మందం చేస్తుంది, అరనిమిషమని లెక్క వస్తే నిమిషంన్నర అడుగుతుంది. అంతసేపూ ఎవరూ కదలకూడదు. పిల్లలకి తాయిలం ఆశపెట్టాను. అమ్మని మధ్య స్తంభం పక్కన, అరుగుమీద పీట వేసి కూర్చోబెట్టాను. పట్టుచీర కట్టుకోమంటే కట్టుకోలేదు, నేతచీరే.

"కదలకమ్మా, తొంభై లెక్కపెడతాను."

"కదిలి ఎక్కడికి పోతానే" అంది.

మొదటిది అన్నయ్య తుమ్మడంతో సరి. రెండోదానికి నేనే రీలు తిప్పడం మరిచి, బొమ్మమీద బొమ్మ తీసేశాను. మూడోదానికి టేపు ఊడదీశాను. ఒకటి, రెండు... వీధంతా నిశ్శబ్దం. నా ఎదురుగా ఇల్లు. నలభై నాలుగేళ్ళలో ఆ ఇంటిని అంతసేపు ఊరికే నిలబడి చూసింది లేదు. ఎప్పుడూ లోపలికో బయటికో పోతూండటమేగా. చూరు కింద పిచ్చుకగూడు ఉంది, ఎడం కిటికీ ఊచ ఒకటి వంగి ఉంది. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. యాభై. యాభై ఒకటి.

వీధి మొగలో చిడతల చప్పుడు. హరిదాసు!

అమ్మ కళ్ళు అటు తిరిగాయి. నేను లెక్క ఆపలేదు, కళ్ళతోనే బతిమాలాను. యాభై ఎనిమిది దగ్గర లేచి, కొంగు దోపుకుని, బియ్యానికి లోపలికి వెళ్ళిపోయింది. ధనుర్మాసం ఆఖరిరోజున దాసుని వట్టి చేతుల్తో పంపడమేమిటి మరి! మూసేద్దామా అనుకున్నాను. మూస్తే ఇల్లు కూడా పోతుంది. తొంభై దాకా లెక్కపెట్టాను. తర్వాత ఇంకా మూడు తీశాను గానీ, అప్పటికి ఎండ వచ్చింది, పిల్లలు లేచి పరిగెత్తారు, అమ్మ గారెల పిండి రుబ్బాలని లోపలే ఉండిపోయింది.

హైదరాబాదులో ఇప్పటికీ ఫిల్ము కడిగే చోటు మా అబ్బాయి వెతికి పట్టుకున్నాడు. పదిరోజులకి వచ్చాయి. మూడోది పెద్దది చేయించాను.

ఇల్లు కొస నుంచి కొసకి వచ్చింది. అతుకు లేదు. దూలాలు తిన్నగా ఉన్నాయి. మూలలు చెప్పినట్టే చీకటి. అన్నయ్యా, పిల్లలూ కాస్త కదిలి మసక మసకగా ఉన్నారు. మధ్య స్తంభం పక్కన అమ్మ కూర్చునే ఉంది. మొహం తెలుస్తోంది, చేతులు తెలుస్తున్నాయి. కానీ ఆవిడలోంచి వెనక గుమ్మం కనిపిస్తోంది, గడపమీది పసుపూ బొట్లూ కూడా. వీధిలోంచి నడిచి వచ్చి వెళ్ళిన హరిదాసు ఆనవాలే లేడు.

రిజిస్ట్రేషనుకి ముందురోజు బందరు తీసుకెళ్ళి ఇచ్చాను. చెల్లెలు చూసి గబుక్కున పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, చాలక భూతద్దం అడిగింది. తనని చూసుకుంటోందేమో అనుకున్నాను. ఆవిడ చూపు చూరు వెంట పోతోంది.

"ఇదిగో, ఈ కుడిపక్క ఏడో వాసం. పుచ్చిపోయింది, మార్పిస్తానని మీ నాన్న మార్పించనే లేదు. వాన వస్తే సరిగ్గా అక్కడే కారుతుంది" అంది. భూతద్దం దించి అన్నయ్య వైపు చూసింది.

"రేపు ఆయనతో ఒక మాట చెప్పరా. తెలియక ఇబ్బంది పడతారు."

పడగొట్టేవాళ్ళకి వాసంతో పనేమిటమ్మా అని వదిన అనబోయి ఆగిపోయింది. "చెప్తానమ్మా" అన్నాడు అన్నయ్య.